మేడ మీది ఇరుగుపొరుగు



మృగశిర కార్తె వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఊళ్లలో విత్తనాల మాటలు మొదలయ్యాయి. పట్నంలో మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవాళ్లకు కూడా ఇది పండగ కాలమే. అందుకని ఇవాళ్టి ప్రసంగం ఒక తీగ సంగతితో మొదలుపెడతాను.

ఆగాకర తీగ. తెలంగాణలో దీన్నే బోడకాకర అంటారు. వానాకాలం మొదట్లో బజారుకు వస్తుంది. కిలో 200 రూపాయలు దాటినా ఇష్టపడేవాళ్లు కొంటూనే ఉంటారు. అంత ప్రియమైన కూర మన మేడ మీదే కాస్తే బాగుంటుంది కదా అని చాలామంది ఒక దుంప తెచ్చి కుండీలో పెడతారు. తీగ చక్కగా పాకుతుంది, పూస్తుంది, పిందె కూడా కనపడుతుంది. రెండు రోజుల్లో ఆ పిందె పండుబారి రాలిపోతుంది. ఎరువు తక్కువైందేమోనని ఎరువు వేస్తారు, పురుగేమోనని వేపనూనె కొడతారు. అయినా రాలుతూనే ఉంటుంది.

సొర, బీర, కాకరలలో ఆడపువ్వు, మగపువ్వు ఒకే తీగ మీద పూస్తాయి. ఆగాకరలో అలా కాదు. ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. ఏ తీగ ఏదో పూత వచ్చేదాకా చూసి చెప్పడం కష్టం. పొలంలో వేసే రైతులు దాదాపు పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండేలా చూసుకుంటారు. మేడ మీద ఒక్కటే తీగ ఉన్నవాళ్లకు వేరే దారి లేదు. మగ తీగ ఎవరింట్లో ఉందో కనుక్కోవాలి. పొద్దు వాలాక పూలు విచ్చే వేళకు వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి. ఒక పువ్వు అడిగి తెచ్చుకుని, రేకులు తుంచేసి, ఆ పుప్పొడిని తమ ఆడపువ్వుకు మెల్లగా అద్దాలి. రేపు మరో పువ్వు విచ్చుకుంటే రేపు మళ్లీ వెళ్లాలి. అలా ఒక వానాకాలమంతా ఒక ఇంటి గుమ్మం ఎక్కి దిగిన తరవాత, ఆ ఇంటివాళ్లు మనకు పరాయివాళ్లుగా ఉండరు.

నేను చెప్పదలచుకున్నది ఈ గుమ్మం దగ్గరి మాటే. ఇరుగుపొరుగుతో స్నేహం పెరగాలంటే మనం వాళ్లకు ఏదో చెయ్యాలి, పెట్టాలి అనుకుంటాం. అదీ మంచిదే. కానీ నేను చూసినంతలో స్నేహాలు ఎక్కువగా మొదలైంది మనం వాళ్లను ఏదో ఒకటి అడిగిన రోజునే. అడిగినప్పుడు ఎదుటి మనిషికి ఒక పెద్దరికం ఇచ్చినట్టవుతుంది. నాకు తెలియనిది మీకు తెలుసు, నా దగ్గర లేనిది మీ దగ్గర ఉంది అని ఒప్పుకున్నట్టవుతుంది. వచ్చి అడిగినవాళ్లను చాలామంది మరిచిపోరు.

మా చిన్నప్పుడు అడగడానికి బోలెడు సందర్భాలు ఉండేవి. పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని వెళ్లేవాళ్లం. రోలు ఒకరింట్లో, నిచ్చెన ఒకరింట్లో, జంతికల గొట్టం ఇంకొకరింట్లో ఉండేది. కాఫీపొడి, పంచదార చేబదులు నడిచేవి. ఆ రాకపోకల్లో మాట పట్టింపులూ వచ్చేవి, అలకలూ వచ్చేవి. అయినా మర్నాడు మళ్లీ ఏదో ఒక అవసరం పడేది కాబట్టి ఆ అలకలు నాలుగు రోజులకు మించేవి కావు. ఇప్పుడు ఫోనులో నొక్కితే పావుగంటలో పెరుగు పాకెట్టు తలుపు దగ్గరికి వస్తుంది. సుఖంగా ఉంది, కాదనను. ముసలివాళ్లకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు అది పెద్ద ఆసరా. కాకపోతే పక్క తలుపు తట్టే అవసరం మన రోజులోంచి పూర్తిగా తప్పుకుంది. అవసరం పోయాక పలకరింపు ఒక్కటే ఎన్నాళ్లు నిలబడుతుంది?

ఇలా నిలబడకపోవడం మన ఒక్క ఊరి సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదికలో, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. ఆ ఆరో మనిషి మన మెట్ల మీదే రోజూ ఎదురుపడుతూ ఉండవచ్చు.

మెట్లంటే గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఎంఐటీ విద్యాసంస్థ, పెళ్లయిన విద్యార్థుల కోసం రెండంతస్తుల ఇళ్లు కట్టించింది. వాళ్లలో ఎక్కువమంది సైన్యం నుంచి తిరిగొచ్చి చదువుకుంటున్నవాళ్లు. ఎవరికి ఏ ఇల్లు వస్తే అందులో చేరారు, ఏరి కోరి పొరుగును ఎంచుకోలేదు. లియాన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు పరిశోధకులు అక్కడ ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో అడిగి తెలుసుకుని 1950లో పుస్తకంగా తెచ్చారు. అదే అంతస్తులో పక్క ఇంటివాళ్లను స్నేహితులుగా చెప్పినవాళ్లు నూటికి 41 మంది. వరస చివరి ఇంటివాళ్లను చెప్పినవాళ్లు 10 మందే. నిజానికి ఆ రెండిళ్ల మధ్య దూరం నాలుగు తలుపులు, నడిస్తే నిమిషం కూడా పట్టదు. ఇంకో సంగతి కూడా తేలింది. మెట్లకు దగ్గరగా, ఉత్తరాల పెట్టెల దగ్గరగా ఉన్న ఇళ్లవాళ్లకు కింది అంతస్తులోనూ పై అంతస్తులోనూ స్నేహితులు ఎక్కువ. వాళ్ల గుణం గొప్పదని కాదు. పదిమంది నడిచే దారిలో వాళ్ల గుమ్మం పడింది, అంతే.

మన ఊళ్లలో పదిమందినీ కలిపే ఆ పని బావి గట్టు చేసింది. తరవాత వీధి కొళాయి చేసింది. రామాలయం అరుగు మగవాళ్లకు ఆ పని చేసింది. ఇప్పటి అపార్ట్‌మెంటులో అందరూ కలిసే చోటంటే లిఫ్టు. అందులో ఉండేది అర నిమిషం, ఆ అర నిమిషమూ అందరూ అంకెల వైపే చూస్తుంటారు. కింద బండ్లు పెట్టుకునే చోట ఎవరి తొందర వాళ్లది. ఇక మిగిలింది పైకప్పు.

హైదరాబాదులో మిద్దెతోట అనే మాట ఇప్పుడు అందరి నోటా వినపడుతోంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నగర శివారులోని నారపల్లిలో తమ ఇంటి పైన ఏళ్ల తరబడి కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసి, ఎంతోమందికి దారి చూపారు. ఆ దారిన నడిచినవాళ్లు కూరగాయల కోసమే మొదలుపెట్టారు. మందు కొట్టని ఆకుకూర తినాలన్నదే వాళ్ల కోరిక. తోటతో పాటు మనుషులు కూడా వస్తారని ముందు ఎవరూ అనుకోలేదు.

మా కప్పు మీద జరిగిన ఒక సంగతి చెబుతాను. మందార మొక్క చిగుళ్ల దగ్గర తెల్లగా దూది అంటించినట్టు పిండినల్లి పట్టింది. నేను పాత బ్రష్షుతో తుడుస్తున్నాను. తుడిచిన మూడో రోజుకు మళ్లీ అంతే. మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ బట్టలు ఆరవేయడానికి పైకి వచ్చారు. అప్పటిదాకా ఆవిడతో నాకు చిరునవ్వు పరిచయమే. “ఇది ఎందుకు పోవడం లేదు పిన్నిగారూ?” అని అడిగాను. ఆవిడ బకెట్టు కింద పెట్టారు. మొక్కను చూడలేదు. కుండీ మొదలు చూశారు. “చీమలు ఎక్కడి నుంచి ఎక్కుతున్నాయో చూశావా అమ్మాయ్?” అన్నారు. పిండినల్లి తియ్యటి రసం విడుస్తుంది. దాని కోసం చీమలు ఆ పురుగులను కాపాడతాయి, ఒక కొమ్మ మీది నుంచి ఇంకో కొమ్మకు మోసుకెళతాయి కూడా. చీమల దారి ఆపకుండా పురుగును ఎంత తుడిచినా లాభం లేదు. ఆవిడ ఇంట్లోకి వెళ్లి కుంకుడుకాయలు నానబెట్టిన రసం తెచ్చి ఇచ్చారు. మొక్కకు ఎలా కొట్టాలో, కుండీ స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎలా పెట్టాలో చెప్పారు. ఆ మాటల్లోనే వాళ్ల పుట్టింటి పెరడు సంగతి వచ్చింది. పెళ్లయి వచ్చాక ఎన్ని ఊళ్లు తిరిగారో, ఏ ఊళ్లో ఏ చెట్టు వదిలి వచ్చారో చెప్పారు. ఆవిడ కూతురూ అల్లుడూ పొద్దున ఎనిమిదికి వెళితే రాత్రి ఎనిమిదికి వస్తారు. మధ్యలో పన్నెండు గంటలు ఆవిడతో మాట్లాడే మనిషి లేరు. అంత తెలిసిన మనిషిని ఏదైనా చెప్పమని అడిగినవాళ్లు చాలాకాలంగా ఎవరూ లేరు.

అందరితోనూ ఇంత సాఫీగా సాగదు. పైకప్పు మీద తోట అనగానే పై అంతస్తువాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. నీళ్లు దిగుతాయి, స్లాబు పాడవుతుంది, గోడ చెమ్మ పడుతుంది అంటారు. ఆ భయం న్యాయమైనది. తడి మట్టి మామూలు బరువు కాదు, ఘనపు మీటరుకు ఒకటిన్నర టన్నుల పైనే ఉంటుంది. సగానికి కోసిన డ్రమ్ము ఒక్కటి మట్టీ నీళ్లతో కలిపి 150 కిలోలు తూగుతుంది. ఇంటి మీద అంత బరువు పెడతామంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? మా దగ్గర కూడా అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో మాటా మాటా పెరిగింది. తీర్మానాలతో అది తేలలేదు. పై అంతస్తు దంపతులనే పైకి పిలిచి, ఏది ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి అని అడిగాక తేలింది. ఆయన సివిల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. సుద్దముక్క తీసుకుని దూలాలు ఎక్కడున్నాయో గీతలు గీసి చూపించారు. బరువైనవి ఆ గీతల మీదే, గోడల వెంబడే. మట్టి సగానికి సగం తగ్గించి కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలపాలి. ప్రతి కుండీ కిందా ఇనుప స్టాండు ఉండాలి, చీపురు దూరాలి, నేల ఆరాలి. అన్నీ ఒప్పుకున్నాం. ఇప్పుడు ఆయనే రోజూ సాయంత్రం వచ్చి ఏ కుండీ కింద తడి ఉందో చూసి వెళతారు. మాకు ఒక కాపలా మనిషి దొరికాడనిపిస్తుంది. ఆయనకు కాలక్షేపం దొరికింది.

ఇక మా వాచ్‌మన్ గురించి. ఇది ఇంకా ముఖ్యమైన మాట.

హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లుగా ఉండేవాళ్లలో చాలామంది పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. బోరు ఎండిపోయో, అప్పు పెరిగిపోయో నాలుగెకరాలు వదిలి వచ్చి, మెట్ల కింద గదిలో కాపురం పెట్టినవాళ్లు. మేమందరం రోజుకు పదిసార్లు వాళ్లకు పనులు చెబుతాం. మోటారు వెయ్యి, కారు తుడువు, సిలిండరు పైకి తీసుకురా. వాళ్లను ఏదైనా చెప్పమని అడగడం మాత్రం మాకు అలవాటు లేదు. ఒక మిట్టమధ్యాహ్నం సొరతీగ ఆకులు వేలాడిపోతున్నాయని నేను గాబరాపడి నీళ్ల బకెట్టుతో నిలబడ్డాను. అప్పుడే ట్యాంకు చూడడానికి వచ్చిన మా వాచ్‌మన్ అన్నాడు: “ఇప్పుడు పొయ్యకుండ్రి అమ్మా. ఆకు వాలింది ఎండకు, దూపకు కాదు. పొద్దుమీకినంక చూడుండ్రి, అదే లేస్తది.” పొద్దుమీకాక ఆకులు నిజంగానే లేచి నిలబడ్డాయి. ఆ రోజు నుంచి మొక్కలకు సంబంధించినంతవరకు మా అందరికీ పెద్ద ఆయనే. చిక్కుడు విత్తనం ఎప్పుడు పెట్టాలో ఆయనే చెప్పాడు. నాటు చిక్కుడు ఈ తొలకరిలోనే పెట్టాలట. చలికాలం వచ్చి పొద్దు తగ్గితే గాని పూత రాదట. ఆ జాతి మొక్కకు పగలు కురచ కావాలన్నది శాస్త్రం కూడా చెప్పే మాటే. ఆయన శాస్త్రం చదవలేదు. ఇరవై ఏళ్లు చేను చూశాడు. ఆయన భార్య బిడ్డకు పాలిస్తూ మెట్ల మీద కూర్చుని, ఏ నారు ఎంత ఎడంగా పెట్టాలో చేత్తో జానలు కొలిచి చూపిస్తుంది. ఇంత తెలిసిన మనుషులు మన మెట్ల కిందే ఉండగా మనం వాళ్లతో మోటారు సంగతి తప్ప మాట్లాడకపోవడం ఎంత నష్టమో నేను మాటల్లో చెప్పలేను. ఇప్పుడు సంఘం సమావేశాల్లో ఆయనకు కూడా కుర్చీ వేస్తున్నాం. అది ఎప్పుడో జరగవలసిన పని.

తోటలో ఇంకో గుణముంది. ఇవ్వక తప్పని పరిస్థితి తెస్తుంది. వంకాయలు ఒక్కసారిగా దిగుతాయి. నలుగురున్న ఇంట్లో వారంలో ఎన్నిసార్లని వంకాయ వండుతారు? నాలుగు ఇళ్లకు పంచాలి. అలాగే దొండ, తమలపాకు, మల్లె. ఇవేవీ మామూలుగా విత్తనం కొని పెట్టుకునేవి కావు. ఎవరో ఒకరి తీగలోంచి ముక్క తెచ్చి నాటుకోవాలి. విత్తనాల్లో కూడా తేడా ఉంది. కంపెనీ హైబ్రిడ్ కాయ నుంచి తీసిన విత్తనం వేస్తే తల్లి లాంటి కాయ రాదు. నాటు విత్తనమైతే వస్తుంది. అందులోనూ చిక్కుడు, టమాటా వంటివి చాలావరకు తమ పుప్పొడితో తామే కాస్తాయి కాబట్టి ఎన్నేళ్లు చేతులు మారినా పెద్దగా మారవు. సొర, బీర అలా కాదు. పక్క మేడ మీది రకంతో కలిసిపోతాయి. కాబట్టి మంచి బీర విత్తనం కావాలంటే పక్కవాళ్లు ఏ రకం పెట్టారో కూడా తెలుసుకోవాలి.

విత్తనం చుట్టూ మనుషులు ఎలా ఒక్కటవుతారో జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్లు చూపించారు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడి దళిత మహిళలు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు, సొంత విత్తన బ్యాంకులు నిలుపుకున్నారు. విత్తనం అప్పు తీసుకున్నవాళ్లు పంట చేతికి వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వాలి. డబ్బు లెక్క లేదు. ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర మొదలవుతుంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద సామలు, కొర్రలు, జొన్నలు, పప్పుధాన్యాలు ఊరి నుంచి ఊరికి వెళతాయి. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి పూజచేసి పిలుచుకుంటారు. రేడియోలో మాట్లాడుతూ ఇంకో మాట చెప్పకపోతే తప్పు. ఆ మహిళలే 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్ ఊళ్లో సంఘం రేడియో మొదలుపెట్టారు. కార్యక్రమాలు వాళ్లే చేస్తారు, పాటలు వాళ్లే పాడతారు, విత్తనం సంగతులూ పశువుల వైద్యమూ వాళ్ల మాటల్లోనే చెప్పుకుంటారు. పొరుగూరి మనిషి గొంతు రేడియోలో వినపడితే అది మన గుమ్మంలోకి వచ్చి మాట్లాడినట్టే ఉంటుంది.

ఆ సంఘాలు ఒక్క ఏడాదిలో ఎదగలేదు. స్నేహానికి పట్టే కాలం గురించి కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు పరిశోధన చేశారు. 2018లో ప్రచురించారు. ముఖపరిచయం కాస్త స్నేహంగా మారడానికి ఇద్దరూ కలిసి గడిపే కాలం 50 గంటల దాకా కావాలట. అసలైన స్నేహానికి 90 గంటలు, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైన. పనిచోట పక్కపక్కన కూర్చున్న గంటలకు అంత బలం లేదని కూడా ఆయన గమనించారు. వంద గంటలు ఒక కొత్త మనిషితో కూర్చుని మాట్లాడండి అంటే ఎవరికైనా బెదురే. ఏం మాట్లాడతాం? చేతిలో పని ఉంటే ఆ బెదురు ఉండదు. మాట ఆగితే ఆగుతుంది, ఎండుటాకు తుంచుతూ ఉంటాం. మళ్లీ మాట దానంతట అదే వస్తుంది. కోలాటం నేర్చుకునే ఆడవాళ్లు, శనివారం భజనలో తాళం వేసేవాళ్లు, సాయంత్రం క్యారమ్స్ బల్ల చుట్టూ చేరేవాళ్లు కూడా ఈ గంటలనే పోగేసుకుంటున్నారు. మాట రాని మొహమాటస్థులకు ఇది గొప్ప మేలు. మా నాలుగో అంతస్తులో భార్య పోయిన ఒక పెద్దాయన ఉన్నారు. ఓదార్పు మాటలు ఆయనకు అక్కరలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతారు. కానీ నారుమళ్లకు నీళ్లు చిలకరిస్తూ గంటసేపు మాతో పాటు నిలబడతారు. అది చాలు మాకు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. చలి దేశాల్లో మంచు పోయాకనే గోంగూర నేలలో పెట్టాలి. దాని కోసం మార్చి నెలలోనే ఇంటి లోపల కిటికీ దగ్గర నారు పోసుకుంటారు. ఇక్కడి నుంచి విత్తనాలు ఇష్టం వచ్చినట్టు పట్టుకెళ్లడానికి అక్కడి వ్యవసాయ నియమాలు ఒప్పుకోవు. కాబట్టి అక్కడ ముందే స్థిరపడినవాళ్ల దగ్గరే గోంగూర నారు, బచ్చలి తీగ అడిగి తెచ్చుకుంటారు. కొత్త ఊళ్లో మొదటి తెలుగు స్నేహం ఆ నారు దగ్గరే మొదలైనవాళ్లు ఎందరో ఉన్నారు.

మేడ లేనివాళ్లు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు మా సంగతేమిటని అడగవచ్చు. బాల్కనీలో ఒక కుండీ చాలు. పుదీనా కట్ట కొన్నప్పుడు ముదురు కాడలు నాలుగు గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. పక్క తలుపు తట్టి కొంచెం మట్టి ఉందా అని అడగండి. లేకపోతే మా బ్లాకులో చేసినట్టు చెయ్యండి. ఈ నెలలో వంగ, మిరప, టమాటా నారు పోసుకున్నవాళ్ల దగ్గర మొక్కలు ఎప్పుడూ మిగులుతాయి. వాటిని పాత పాల పాకెట్లలో పెట్టి మెట్ల మలుపులో ఉంచుతాం. పక్కనే ఒక నోటు పుస్తకం, దారం కట్టిన పెన్సిలు. మొక్క తీసుకున్నవాళ్లు తమ ఫ్లాటు నంబరు రాసి వెళ్లాలి. రెండు వారాలయ్యాక ఆ నంబరు చూసి వెళ్లి తలుపు తడతాం, మొక్క ఎలా ఉందండీ అని అడగడానికి. కిందటేడు ఆ పుస్తకంలో నంబరు రాసిన ఒక ఒడియా కుటుంబంవాళ్లు, ఈ ఏడు తమ ఊరి నుంచి పర్వల్ అనే కూరగాయ తీగ ముక్కలు తెచ్చి ఇచ్చారు. దానికీ ఆడ తీగ, మగ తీగ వేరువేరేనట. రెండూ తెచ్చారు. ఆడ తీగ మా పిన్నిగారి కుండీలో ఉంది, మగ తీగ ఇంజినీరుగారు గీసిన గీత మీద ఉంది.